ఇంటికి వచ్చిన తీగె - చిన్న స్విచ్చిని ఎన్నుకొను విధము

కడచిన విద్యాసంవత్సరమున మా విద్యార్థిని యొకతె ఉపకారవేతనమునకు దరఖాస్తు పంపవలసి యుండెను. ఆమె యిల్లు పెడనలో. తండ్రిగారు కలంకారీ అద్దకపు పనివారు. వీధిగదిలో ఇంటర్నెట్టు పెట్టె, నడుమ అద్దకపు బల్లలు పరచిన పొడవాటి సావడి, దాని వెనుక ఆమె చదువుకొను గది. పాతకాలపు లావుగోడలను దాటి వైఫై అంత దూరము చేరకపోవుటచే, వీధిగది నుండి తీగె లాగి, చిన్న స్విచ్చి నొకదానిని కొని, ఆమె కంప్యూటరును, తండ్రిగారు నమూనాలు పంపుకొను కంప్యూటరును, టెలివిజనును దానికి కలిపికొనిరి. గడువు చివరి దినమున సాయంకాలము ఇంటిలోని కలయిక యంతయు ఒక్కసారిగా ఆగిపోయినది. స్విచ్చిపై దీపములు మాత్రము ఎన్నడును లేనంత వడిగా మినుకుమనుచుండెను. ఆమె మాకు ఫోను చేసినది.

"సార్, లైట్లు వెలుగుతున్నాయి గాని ఏదీ తెరుచుకోవడం లేదు. ఏం చేయమంటారు?"

"కంపెనీ వాళ్ల లైను పోయుంటుందమ్మా. ఓ గంట చూడు."

ఇది మేము చెప్పిన సమాధానము. ఆమె గంట చూచినది. రెండు గంటలు చూచినది. తండ్రిగారి ఫోనులోని డేటాతో పంపజూచినను, ధ్రువపత్రముల నకళ్లు సగమెక్కి నిలిచిపోవుచు వచ్చినవి. రాత్రి పండ్రెండు గంటలకు గడువు తీరినది.

మరునాడు కేబులు ఆపరేటరు పంపిన కుర్రవాడు వచ్చి, రెండు నిమిషములు చూచి, స్విచ్చిలో నున్న తీగెకొన నొకదానిని పెరికివేసినాడు. అంతయు మరల నడచినది. జరిగిన దేమనగా, టెలివిజనును వేరొక గదికి మార్చినప్పుడు దాని తీగె ఒక కొన స్విచ్చిలోనే యుండిపోయి, రెండవ కొన నేలపై పడియుండెను. చిన్నతమ్ముడు అది జారిపోయిన దనుకొని, మంచి బుద్ధితోనే, అదే స్విచ్చిలో ఖాళీగా నున్న గూటిలో దూర్చినాడు. ఒకే తీగె రెండు కొనలు ఒకే పెట్టెలో చేరినవి. కంపెనీ లైనునకు ఏ లోపమును లేదు. ఆ తీగె నొక్కదానిని ఊడదీయుమని నాటి సాయంకాలము మేము చెప్పగలిగి యున్న యెడల పని జరిగియుండెడిది. మాకు తెలియదు, తెలియదని చెప్పక, ఊహను సలహాగా చెప్పితిమి. ఆ యేటి ఉపకారవేతనము ఆమెకు దక్కలేదు.

మేము తెలుగు బోధించువారము. ఛందస్సు, వ్యాకరణము మా వృత్తి, యంత్రములు కావు. అయినను ఆ మాట మా నోటనే వచ్చినది గనుక, తరువాతి నెలలలో తెలిసినవారి నడిగి, దొరికినవి చదివి, చెడిపోయిన స్విచ్చి నొకదానిని విప్పి చూచి, మాకు బోధపడిన మేరకు ఈ సంచికలో వ్రాయుచున్నాము. మా విద్యార్థుల యిండ్లలో పెక్కింట ఇట్టి పెట్టె యొకటి గోడకు వ్రేలాడుచునే యున్నది. కొనునప్పుడు అడిగి తెలిసికొను వారు మాత్రము తక్కువ.

మన రాష్ట్రమున ఇంటింటికి గాజుతీగె వచ్చిన చరిత్ర పాతది కాదు. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థ 2015లో ఏర్పడినది. రోడ్లు త్రవ్వి పాతిపెట్టుటకు బదులు, ఉన్న విద్యుత్ స్తంభముల మీదుగానే ఫైబరును లాగుట దాని పద్ధతి. 2016 డిసెంబరులో నాటి తూర్పుగోదావరి జిల్లాలోని మోరి గ్రామము ఈ కలయికను మొదట పొందిన యూళ్లలో నొకటి యైనది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును జాతి కంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకు టెలివిజను, టెలిఫోను, 15 ఎం.బి.పి.ఎస్. వేగముగల ఇంటర్నెట్టు ఇచ్చెద మనునది నాటి ప్రకటన. ప్రైవేటు కంపెనీలును, బి.ఎస్.ఎన్.ఎల్. వారును ఇదే తీరున గాజుతీగెను ఇండ్లకు తెచ్చిరి. 2020 మార్చిలో కళాశాలలు మూతపడి, పాఠములు తెరమీదికి ఎక్కినప్పుడు, ఒక యింటిలో ముగ్గురు పిల్లలకు ఒకే వేళ మూడు తరగతులు జరుగుట మొదలైనది. ఇంటి లోపలి తీగెల గొడవ మన ప్రాంతమున నాటినుండియే పెరిగినది.

ఈ 15 అను సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. స్విచ్చిని గూర్చిన పొరపాట్లలో సగము దానినుండియే పుట్టినవి.

ముందు పేరును గూర్చి ఒక మాట. మచిలీపట్టణములో విద్యుత్ సామాను దుకాణమునకు పోయి "స్విచ్చి కావలెను" అన్నచో, దీపపు మీటను తెచ్చి బల్లమీద పెట్టుదురు. మాకట్లే జరిగినది. "నెట్టు స్విచ్చి" అనవలెను. కంప్యూటరు సామానుల దుకాణమునకు పోవలెను. మీట అనునది వెలిగించుటకు, ఆర్పుటకు. ఈ స్విచ్చి యొక్క పోలిక రైలు పట్టాలలో కలదు. పెడననుండి వచ్చు బండి గుడివాడ జంక్షనులో చేరినప్పుడు, బెజవాడ వైపో భీమవరము వైపో పట్టాలను తిప్పు అమరిక యుండును గదా! అమెరికావారి యింగ్లీషులో దానికి పేరు స్విచ్చియే. ఏ బండి ఏ దారిని పోవలెనో ఆ దారికి దానిని మళ్లించుట. మన పెట్టె చేయు పనియు నిదియే.

ఇంటర్నెట్టు కన్న ముందుపుట్టినది స్థానిక తీగెల జాలము. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్‌నెట్ అను పద్ధతిని కల్పించిరి. అందులో కంప్యూటర్లన్నియు ఒకే లావు తీగెకు వ్రేలాడుచుండెడివి. ఒకటి మాటాడిన అన్నియు వినవలెను. రెండు ఒకేసారి మాటాడిన రెండు మాటలును చెడును. తరువాత వచ్చిన హబ్ అను పెట్టెయు ఇదే జాతి. అది ఊరి దండోరా వంటిది. ఒక యింటివానికి చెప్పవలసిన కబురైనను వీధివీధిని డప్పు కొట్టి చెప్పును. తనది కానివాడు విని ఊరకుండవలెను.

స్విచ్చి దండోరా కాదు, తపాలా బంట్రోతు. క్రొత్తగా వచ్చిన బంట్రోతునకు తొలిదినమున ఏ యిల్లు ఎవరిదో తెలియదు. ప్రతి కంప్యూటరునకు, ప్రతి టెలివిజనునకు తయారీలోనే ఇచ్చిన 48 బిట్ల చిరునామా యొకటి యుండును. దానిని మ్యాక్ చిరునామా యందురు. ఏ గూటినుండి ఏ చిరునామా పేరిట ఉత్తరము వచ్చినదో స్విచ్చి చూచి వ్రాసికొనును. తరువాత ఆ పేరుగలవారికి ఉత్తరము వచ్చినచో నేరుగా ఆ గూటికే పంపును. తెలియని పేరు వచ్చినప్పుడు మాత్రము ఒక్కసారి అన్ని తలుపులు తట్టును. జవాబు ఏ గూటినుండి వచ్చునో చూచి నేర్చికొనును. కొంతకాలము, సాధారణముగా అయిదు నిమిషములు, ఏ కబురును లేనిచో ఆ పేరును పట్టికనుండి కొట్టివేయును. ఎవరును దానికి నేర్పనక్కరలేదు. కొనుక్కొని వచ్చి తీగెలు దూర్చిన పని మొదలు పెట్టును.

ఇట్టి ఈథర్‌నెట్ స్విచ్చిని ఏడు గూళ్లతో 1990లో అంగడికి తెచ్చిన సంస్థ పేరు కల్పన. వినోద్ భరద్వాజ్, లారీ బ్లేయర్ అనువారు దానిని అమెరికాలో స్థాపించిరి. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసినది. తెలుగు ఉపన్యాసకులమైన మాకు ఆ పేరు చదివినప్పుడు కలిగిన సంతోషము ఈ వ్యాసమునకు అనవసరమే. అయినను వ్రాయక ఉండలేకపోతిమి.

ఇక కొనుట. కొనుటకు ముందు కొనవలెనా యని అడుగవలెను. కంపెనీవారు గోడకు బిగించిన పెట్టె వెనుక రెండో నాలుగో గూళ్లు సాధారణముగా నుండును. వానిలో ఖాళీ యున్నంతవరకు స్విచ్చి అక్కరలేదు, తీగె చాలును. రెండవది, ఇంట మూలపడియున్న పాత రౌటరు. దానిలో చిరునామాలు పంచు డి.హెచ్.సి.పి. అను సౌకర్యమును ఆపివేసి, దాని సొంత చిరునామా క్రొత్త పెట్టె చిరునామాతో తగులాడకుండ మార్చి, ఇంటర్నెట్టు గూటిని వదలి తక్కిన గూళ్లలో ఒకదానికి తీగె కలిపినచో, అదియే స్విచ్చిగా పనిచేయును. రెండు మూడు సంవత్సరములకు పెట్టెలు మార్చు ఇండ్లలో ఈ ఉపాయమున వేయి రూపాయలు మిగులును. ఆ రూపాయలు అద్దకపు బల్లమీద ఎన్నిమార్లు అచ్చు మోపినచో వచ్చునో మన పిల్లలకు మేము చెప్పనక్కరలేదు.

స్విచ్చికి ఎల్లప్పుడు రౌటరు తరువాతనే చోటు. గాజుతీగె వచ్చు పెట్టె వేరు, రౌటరు వేరుగా నున్న యిండ్లలో కొందరు స్విచ్చిని రెంటి నడుమ పెట్టుచున్నారు. స్విచ్చి ఎవరికిని ఇంటర్నెట్టు చిరునామాలు పంచదు. ఆ పని రౌటరుది. నడుమ పెట్టినచో ఒక్క యంత్రమే నడచి తక్కినవి నిలుచుట, లేక ఏదియు నడవకుండుట జరుగును.

ఇప్పుడు వేగము. ఇందు మన డెల్టావారికి వేరొకరు పాఠము చెప్పనక్కరలేదు. కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన నాటినుండి మన తాతలు నీటిని చూచి నేర్చిన పాఠమే యిది. బెజవాడ వద్ద కాలువ నిండుగా పారుచున్నను, నడుమ తూము ఇరుకైనచో శివారు ఆయకట్టునకు తూము పట్టినంత నీరే వచ్చును. పై కాలువను ఎంత వెడల్పు చేసినను లాభము లేదు. ఇంటి జాలములో కంపెనీవారి లైను, పెట్టెలోని గూడు, తీగె, స్విచ్చి, కంప్యూటరు వెనుకనున్న గూడు అని అయిదు తూములు వరుసగా నున్నవి. వీనిలో ఇరుకైనది ఏదియో అదియే మన వేగము.

స్విచ్చిలు ఇంటివాడుకకు రెండు రకములు. ఒకటి 100 ఎం.బి.పి.ఎస్. వరకు పోవునది, దీనిని ఫాస్ట్ ఈథర్‌నెట్ అందురు, 1995 నాటి ప్రమాణము. రెండవది 1000 వరకు పోవు గిగాబిట్ రకము. రాగి తీగెపై దాని ప్రమాణము 1999లో వచ్చినది. ఇంటికి 15 ఎం.బి.పి.ఎస్. వచ్చిన నాళ్లలో మొదటి రకమే ఎక్కువ. దుకాణదారులు దానినే అమ్మిరి, అది తప్పును కాదు. నేడు 100, 200, 300 ఎం.బి.పి.ఎస్. పథకములు సామాన్యమైనవి. నెలనెల 200కు డబ్బు కట్టుచు, నడుమ పాత 100 స్విచ్చిని ఉంచుకొని, "కంపెనీవారు మోసము చేయుచున్నారు" అనువారిని మేము ముగ్గురిని చూచితిమి. వారిలో ఒకరు మేమే.

రెంటికి ధరలో భేదము కొన్ని వందల రూపాయలు మాత్రమే. కావున మా అభిప్రాయము స్పష్టము: నేడు క్రొత్తగా కొనువారు గిగాబిట్ రకమునే కొనవలెను. మీ పథకము 50 ఎం.బి.పి.ఎస్.కు మించనిదై, ఇంటిలో ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు పెద్ద పత్రములు పంపు పని లేనిచో, ఉన్న పాతదానిని మార్చనక్కరలేదు. పంపు పని యున్నచో లెక్క వేరు. అద్దకపు నమూనాల చిత్రములు వేయి మెగాబైట్లున్నవనుకొందము. 100 రకము మీద అవి ఒక కంప్యూటరునుండి మరొకదానికి పోవుటకు కనీసము 80 సెకండ్లు. గిగాబిట్ మీద 8 సెకండ్లు. ఇంటిలోపలి ఈ ప్రయాణమునకు కంపెనీవారి పథకముతో నిమిత్తము లేదు.

పెట్టెమీది సంఖ్యలను నమ్ముటలో జాగ్రత్త వలయును. "మాస్టారూ, చూడండి, పది గిగాబిట్లని రాసుంది" అని దుకాణములోని కుర్రవాడు మాకొక అయిదు గూళ్ల స్విచ్చిని చూపెను. అది అబద్ధము కాదు. అట్లని మనకు పది గిగాబిట్లు వచ్చునన్నమాటయు కాదు. అయిదు గూళ్లు, ఒక్కొక్కటి పోవుటకొకటి వచ్చుటకొకటి గిగాబిట్ చొప్పున, అయిదు రెండ్లు పది. ఎనిమిది గూళ్ల దానిమీద 16 అని యుండును. ఒక్క గూటి వేగము రెంటిలోను ఒకటియే. చూడవలసినది 10/100 అని యున్నదా, 10/100/1000 అని యున్నదా యనుటయే. కొన్ని కంపెనీలు పేరులోనే గుర్తు నుంచుచున్నవి: టీపీ-లింక్ వారి టీఎల్-ఎస్ఎఫ్ 1005డి 100 రకము, టీఎల్-ఎస్‌జి 1005డి గిగాబిట్, డి-లింక్ వారి పేర్లలో డీఈఎస్ 100, డీజీఎస్ గిగాబిట్. ఒక్క అక్షరముతో అర్థము మారుట వ్యాకరణములోనే కాదు, అంగడిలోను కలదు.

గూళ్ల లెక్కలో అందరును ఒకచోట తప్పుదురు. అయిదు గూళ్ల స్విచ్చిలో మనకు మిగులునవి నాలుగే; ఒకటి రౌటరునుండి వచ్చు తీగెకు పోవును. పూర్వము ఆ తీగెకు ప్రత్యేకమైన గూడు, లేదా అడ్డముగా కట్టిన వేరు తీగె ఉండెడిది. నేటి స్విచ్చిలలో ఏ గూటనైనను దూర్పవచ్చును. నేడు నాలుగు యంత్రములున్న యింటివారు ఎనిమిది గూళ్లదానినే కొనుట మేలు. చాలనప్పుడు స్విచ్చికి స్విచ్చిని తగిలింపవచ్చును గాని, రెండవదాని వెనుకనున్న వారందరు ఒక్క తీగెలోని నీటినే పంచుకొందురు.

మ్యానేజిడ్ అను ఖరీదైన రకములు కార్యాలయములకు, కళాశాలలకు కావలెను, ఇంటికి వద్దు. తీగెలోనే కరెంటు పంపు పి.ఓ.ఇ. రకము దుకాణమున కావలి కెమెరాలు పెట్టుకొనువారికి పనికివచ్చును, తక్కినవారికి దండుగ. రేకు పెట్టె ప్లాస్టిక్ పెట్టెకన్న వేడిని త్వరగా విడుచును గనుక, మే నెలలో మన రేకుల కప్పుల క్రింద అది మంచిది. ఇంతకుమించి వీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

తీగెను గూర్చి చాల చెప్పవలసియున్నది. వేయి రూపాయల స్విచ్చిని బేరమాడి కొని, తీగె దగ్గర "ఏదో ఒకటి యిమ్ము" అనువారే ఎక్కువ. అంగడిలో రెండు తీగెలు చూచుటకు ఒకే తీరున నుండును. ఒకటి శుద్ధమైన రాగి. రెండవది అల్యూమినియముపై రాగిపూత పూసినది, దానిని సి.సి.ఏ. అందురు. రెండవది చౌక. కొంత దూరమువరకు అదియు నడచును. కాని వంచినచోట విరుగును, విద్యుత్తును అంత బాగుగా ప్రవహింపనీయదు, కొన వద్ద బిగింపు త్వరగా సడలును. లోపలి సన్నని తీగెను చాకుతో గీరి చూచినచో లోన తెల్లగా కనిపించిన అది అల్యూమినియము. బరువులోను తెలియును. క్యాట్ 5ఈ రకపు రాగి తీగె గిగాబిట్ వేగమునకు 100 మీటర్ల వరకు చాలును. ఇంటిలో అంత దూరము ఎక్కడిది?

ఈ తీగెలో ఎనిమిది సన్ననివి రెండేసి చొప్పున పేనియుండును. నూలు పేనుట తెలిసిన యూరు మనది. పేనుట యెందుకో మాత్రము ఇచ్చట కారణము వేరు. బయటి విద్యుత్ తీగెల అలజడి పేనిన జంటలో రెంటికిని సమానముగా తగులును. చివర రెంటి భేదమును మాత్రమే చదువుదురు గనుక ఆ అలజడి కొట్టివేయబడును. కొన బిగించునప్పుడు పేనికను అరంగుళమునకు మించి విప్పరాదు. రంగుల వరుస తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలము, తెల్ల-నీలము, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు కొనలకును ఇదే వరుస ఉండవలెను. 100 రకమునకు ఇందు రెండు జంటలే పని చేయును; గిగాబిట్‌నకు నాలుగు జంటలును కావలెను. అందుచే మంచి స్విచ్చి కొన్నను వేగము 100 వద్దనే ఆగినచో, స్విచ్చిని తిట్టుటకు ముందు తీగెకొనను చూడవలెను. నీలము, గోధుమ జంటలలో ఒక పోగు సరిగా కరవక యుండును.

మన ప్రాంతమున మరొక శత్రువు గలదు. సముద్రపు గాలి. బందరు, పెడన, దివిసీమలలో కిటికీ దగ్గర వదలిన తీగెకొనల లోహపు పండ్లకు కొన్నాళ్లలో చిలుము పట్టును. అప్పుడు కలయిక వచ్చును, పోవును. వర్షాకాలమున మరీ ఎక్కువ. కొన కత్తిరించి క్రొత్తది బిగించుటకు పదిరూపాయల పని. అద్దకపు శాలలలో తడిబట్టల నీరును, రంగుల ఆవిరియు తగులునట్లు స్విచ్చిని పెట్టరాదు. నేలమీద అసలే వద్దు. ఛాతీ ఎత్తున గోడకు బిగించి, చుట్టు గాలి ఆడనీయవలెను.

కరెంటు సంగతి మా యింటనే తెలిసినది. స్విచ్చికి చిన్న అడాప్టరు ఉండును; కొన్నిటికి 5 వోల్టులు, కొన్నిటికి 9 లేక 12. గాజుతీగె పెట్టెది పెక్కుచోట్ల 12 వోల్టులు. కొనలు రెండును గుండ్రముగా, ఒకే కొలతలో నుండవచ్చును. ఇల్లు సున్నము వేయించుకొన్న దినమున మా తమ్ముడు అన్నిటిని ఊడదీసి, మరల పెట్టునప్పుడు 12 వోల్టుల అడాప్టరును 5 వోల్టుల స్విచ్చికి తగిలించినాడు. "అన్నా, ఏదో కాలిన వాసన వస్తోంది" అని మా చెల్లెలు పిలుచునప్పటికే అది పోయినది. మేము విప్పి చూచిన స్విచ్చి అదియే. కొన్ననాడే అడాప్టరుపై కాగితమంటించి ఏ పెట్టెదో వ్రాయవలెను. కరెంటు పోయినప్పుడు గాజుతీగె పెట్టెకు ఇన్వర్టరు ఉండి స్విచ్చికి లేకపోయిన ఫలము లేదు. రెంటిని కలిపి పెట్టవలెను. స్విచ్చి తినునది కొద్ది వాట్లే గనుక ఇన్వర్టరుకు భారము కాదు.

పిడుగు విషయమున మాత్రము మేము మొగమాటము లేకుండ చెప్పుదుము. మా మేనమామగారి యిల్లు మా యింటికి మూడవది. "డాబాల మీదుగా ఓ వైరు లాగేద్దాం బేటా, రెండిళ్లకీ ఒకటే సరిపోతుంది" అని వారు అనిరి. "వద్దు మామూ, అది రాగి. పిడుగు పడితే రెండిళ్ల సామానూ పోతుంది" అని మేము అడ్డుకొంటిమి. గాజుతీగెలోని గాజు విద్యుత్తును మోయదు. రాగి మోయును, పిడుగు దూరముగా పడినను దాని ప్రేరణచే తీగెలో పుట్టు విద్యుత్తు స్విచ్చి గూళ్లను, కంప్యూటరు గూళ్లను కాల్చును. రెండు ఇండ్ల ఎర్తులు వేరైనచో చిక్కు ఇంకను పెరుగును. ఒకే కుటుంబము రెండు కట్టడములలో నున్నచో, నడుమ గాజుతీగెను వేసి, ఇరువైపుల మీడియా కన్వర్టరు అను చిన్న పెట్టెలను పెట్టించుకొనవలెను. ఖర్చు కొంత ఎక్కువ. మామూ ఇప్పటికిని మమ్ము పిరికివాడందురు.

ఇక మొదట చెప్పిన తీగె యొద్దకు వత్తము. ఒకే తీగె రెండు కొనలు ఒకే స్విచ్చిలో చేరినచో ఏమగును? కొన్ని కబుర్లు అందరికి అని వ్రాసి వచ్చును, "ఈ చిరునామా గలవా రెవరు?" అని అడుగుట వంటివి. తపాలా బంట్రోతు వానిని తాను వచ్చిన గూటికి తప్ప అన్ని గూళ్లకు పంపును. ఆ తీగె ఒక కొనన పోయిన కబురు రెండవ కొనన క్రొత్త కబురువలె తిరిగివచ్చును; దానిని మరల అందరికి పంపును. అది మరల తిరిగివచ్చును. ఈ కబుర్లకు ఆయుఃపరిమితి లేదు. క్షణములో వేలు, లక్షలు పోగై దారులన్నియు నిండును. స్విచ్చి వెనుకనున్న రౌటరును ఊపిరాడక నిలిచిపోవును. ఫోనులలో వైఫై కూడ ఆగుటకు కారణ మదియే. దీనిని తుపాను అనియే పిలుచుచున్నారు. మన తీరమున ఆ మాటకు వివరణ అక్కరలేదు.

రాడియా పెర్ల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు 1985లోనే దీనికి విరుగుడు కనిపెట్టినది. జాలములో చుట్టు ఏర్పడినచో ఒక దారిని తామే మూసికొనునట్లు యంత్రములు తమలో తాము మాటాడుకొను పద్ధతి యది. స్పానింగ్ ట్రీ యందురు. పెద్ద స్విచ్చిలలో ఉండును. ఇంటి స్విచ్చిలలో సాధారణముగా లేదు. కొన్ని చిన్నవానిలో చుట్టును కనిపెట్టి ఆపు సౌకర్యము లూప్ డిటెక్షన్, లూప్ ప్రివెన్షన్ అను పేర్లతో వచ్చుచున్నది. పిల్లలున్న యింటివారు, ధరలో పెద్ద భేదము లేనిచో, అది గలదానిని అడిగి తీసికొనవచ్చును.

లేనివారు చేయవలసినది సులువు. దీపములన్నియు ఒకే తీరున, ఆగకుండ, వడివడిగా మినుకుచు ఏదియు తెరుచుకొననిచో, స్విచ్చిలోని తీగెలన్నిటిని ఊడదీయవలెను. రౌటరునుండి వచ్చు తీగెను మొదట పెట్టి, తక్కినవానిని ఒక్కొక్కటిగా, రెండవ కొన ఎచ్చటనున్నదో కన్నులతో చూచి, పెట్టుచు రావలెను. దేనిని పెట్టినప్పుడు తుపాను లేచునో అదియే దోషి. దీనికి అయిదు నిమిషములు పట్టును. అప్పటికిని నడవనిచో కంపెనీవారికి ఫోను చేయవచ్చును.

వేసవి సెలవులలో మేము పెడన పోయి ఆ విద్యార్థిని యింటిని చూచితిమి. వారి స్విచ్చి అయిదు గూళ్లది, 100 రకము. వారి పథకము 40 ఎం.బి.పి.ఎస్. కావున మార్చనక్కరలేదని చెప్పితిమి. తండ్రిగారు అచ్చటి రంగునూలు తీసి, ప్రతి తీగె రెండు కొనలకును ఒకే రంగు పోగు కట్టిరి: కుమార్తె కంప్యూటరుకు ఎరుపు, తమ కంప్యూటరుకు నలుపు, రౌటరునుండి వచ్చు దానికి పసుపు. మిగిలిన తీగెను చుట్టి బీరువాలో పెట్టించితిమి. ఖాళీగా నున్న రెండు గూళ్లకు తమ్ముడే కాగితపు ముక్కలు అంటించి, వానిపై "పెట్టరాదు" అని వ్రాసినాడు. ఈ యేటి దరఖాస్తును ఆమె గడువునకు పదిదినములు ముందే పంపినది. ఫలితము ఇంకను రావలసి యున్నది.